గ్రాటిట్యూడ్ జర్నల్ కొనేముందు లోపలి పేజీలు తిప్పి చూడండి

పిల్లల చేత తొలి థాంక్యూ కవిత రాయిద్దామని షాపుకెళ్తే ముందు కనిపించేవి గ్రాటిట్యూడ్ జర్నళ్లే, అంటే ఎవరికి, దేనికి థాంక్స్ చెప్పాలో రోజూ రాసుకునే పుస్తకాలు. అట్ట ముద్దుగా ఉంటుంది, స్టిక్కర్లుంటాయి, రోజుకో పేజీ. ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో రాసే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు తెలుగులో రాసుకోవడానికైతే ఈ రకానికి అయిదుకు రెండు మార్కులు వేస్తాం. ఆ రెండూ బొమ్మ గీసుకోవడానికి వదిలిన సగం పేజీకి.

'ఈ రోజు థాంక్స్ చెప్పాలనుకునే మూడు విషయాలు' అని మూడు గీతలుంటాయి. వారం తిరక్కుండానే 'అమ్మ, నాన్న, దేవుడు' అని నింపేసి పుస్తకం మూసేస్తారు. పిల్లల తప్పేం లేదు, పేర్లడిగితే పేర్లే రాశారు. కవిత కావాలంటే పని అడగాలి: ఎవరు? నీకోసం ఏం చేశారు? అప్పుడు వాళ్ల చేతులెలా ఉన్నాయి? ఏ వాసన వచ్చింది? ఇంట్లోవాళ్లకు మనం నోటితో ధన్యవాదాలు చెప్పుకోం కదా. చేసిన మేలు చెబితే చాలు, కృతజ్ఞత అందులోనే ఉంటుంది.

అసలు చిక్కు అక్షరాల కవిత పేజీతో. పేరులోని ఒక్కో అక్షరంతో ఒక్కో పాదం మొదలుపెట్టమంటారు. తెలుగులో 'అమ్మమ్మ' అని నిలువుగా రాస్తే అ, మ్మ, మ్మ. 'మ్మ'తో మొదలయ్యే మాట ఎక్కడ దొరుకుతుంది? నాన్నకు 'న్న', తాతయ్యకు 'య్య' అడ్డం. 'ధన్యవాదాలు' ఇంకా ఘోరం. 'న్య' దగ్గరే బండి ఆగుతుంది, దాన్ని దాటినా చివరి 'లు'కి లుంగీ తప్ప ఇంకో మాట తట్టదు! ఒత్తు లేని చిన్న మాటలైతే బాగా నడుస్తుంది. 'వాన' తీసుకోండి:

వాకిలి కడిగింది
నన్ను తడిపింది

అంత్యప్రాస కూడా దానంతటదే పడింది. మన వాక్యం చివర క్రియ వస్తుంది కాబట్టి 'ఇంది'లు ఊరికే కలుస్తాయి. అంతకు మించి ప్రాస కోసం పిల్లల్ని వేధించవద్దు, అర్థం లేని మాటలు వచ్చి పడతాయి.

గీతల సంగతి కూడా చూసుకోవాలి. ఫోర్ రూల్ పేజీ ఇంగ్లిష్ అక్షరాల కొలతకు గీసింది. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు కావాలి. ఇరుకు గీతల మధ్య 'చెట్టు' రాస్తే టవత్తు కింది పాదం నెత్తినెక్కుతుంది. సింగిల్ రూల్ లాంగ్ నోట్‌బుక్‌లో గీత విడిచి గీత రాయిస్తే సరి. కాగితం పలచనైతే స్కెచ్ పెన్ వెనక పేజీకి దిగుతుంది, అందుకని బొమ్మకు క్రేయాన్సు, రాతకు పెన్సిల్ ఇవ్వండి.

ఇంట్లో ఇప్పటికే జర్నల్ ఉంటే పారేయక్కర్లేదు. మూడు గీతల పేజీలో ఒక్క పేరే రాయించి, బొమ్మ వేయించండి. పైన చెప్పిన ప్రశ్నలు నోటితో అడిగి, పిల్లలు చెప్పింది చెప్పినట్టు మీరు వేరే కాగితం మీద రాయండి. దిద్దకండి. 'మెత్తమెత్తగా' అంటే 'మృదువుగా' అని మార్చారో, ఆ కవిత మీదైపోతుంది. అందులోంచి మూడు పాదాలు పిల్లల్నే ఎంచుకోమనండి. నాలుగోది శతక పద్యాల్లో మకుటంలా, పేరు మాత్రం మారుతూ, ప్రతి కవితకూ తిరిగొచ్చే మాట. మచ్చుకు:

అమ్మమ్మ చేతికి ఆవకాయ వాసన
కారం తగిలితే నెయ్యి వేస్తుంది
నీళ్ల గ్లాసు ముందే పెడుతుంది
మా అమ్మమ్మే, మా అమ్మమ్మే!

ఒక్కసారి కూర్చుంటే పావుగంట చాలు. రాత చివరి అయిదు నిమిషాల్లోనే. అక్షరాలింకా రాని వాళ్లు, విదేశాల్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయలేని పిల్లలు మకుటం ఒక్కటి చూసి రాసినా సరిపోతుంది.

రోజూ రాయమనే జర్నల్ షరతు మాత్రం పక్కన పెట్టండి, వారానికి ఒకటి నయం. కనుమ నాడు పశువులకు, ఆయుధపూజ నాడు సైకిలుకు, సెప్టెంబర్ 5న టీచరుకు రాయిస్తే ఎవరికి రాయాలన్న వెతుకులాటా ఉండదు. రాసిన పేజీ చింపి ఎవరి గురించి రాశారో వాళ్ల చేతికివ్వాలి గనక, చిల్లుల గీత ఉన్న పుస్తకం దొరికితే అదే కొనండి. దారంతో కుట్టిన బైండింగ్ జర్నల్లో ఒక పేజీ చింపితే దాని జంట పేజీ కూడా ఊడి రావచ్చు.