ఒక్కసారి రాసి వదిలేసే పెన్‌డ్రైవ్: వెంటాయ్‌తో మూడేళ్లు

మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు చేస్తుంటాం. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకపోతే మా పొయ్యి వెలగదు. అవి నా దగ్గర విండోస్‌లోనే నడుస్తాయి. కానీ కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు తెరవడానికి విండోస్ అంటే నాకు భయం పట్టుకుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ సంగతి డీటీపీ వాళ్లందరికీ తెలిసిందే. నెలకోసారి ఆ శుద్ధి చేయలేక, 2022 చివర్లో అదే సిస్టమ్‌లో రెండో ఓఎస్‌గా, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకున్నాను. బయటి పెన్‌డ్రైవ్ ఏది వచ్చినా మింట్‌లో తెరవడం, శుభ్రమైన ఫైల్‌ని మాత్రమే విండోస్‌లోకి తీసుకోవడం. ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

ఆ మింట్ వేయడానికి బూటబుల్ పెన్‌డ్రైవ్, అంటే కంప్యూటర్ దాని నుంచే లేచేది కావాలి కదా. ఇప్పుడు దానికి వెంటాయ్ అనే ఉచిత టూల్ వాడుతున్నాను గానీ, మొదటిది రూఫస్‌తో చేశాను. పీట్ బటార్ అనే ఆయన రాసిన చిన్న ప్రోగ్రామ్ అది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఐఎస్‌ఓ ఫైల్ (ఓఎస్ ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) చూపించి, డిస్క్‌ని భాగాలు చేసే పద్ధతి ఎంబీఆరా జీపీటీనా అని ఎంచుకుని, స్టార్ట్ కొడితే అయిపోయింది. దానిమీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. చిక్కల్లా విండోస్‌లో మాత్రమే పనిచేయడం. ఇంకో సంగతి, ఒక ఐఎస్‌ఓ పెడితే పెన్‌డ్రైవ్ మొత్తం దానికే. మింట్ తీసి విండోస్ పెట్టాలంటే మళ్లీ అంతా తుడిచి, మళ్లీ మొదటి నుంచి.

రెండోసారి కావలసి వచ్చినప్పుడు నేను మింట్‌లో ఉన్నాను. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ కొత్తగా నేర్చుకున్న రోజులు. డిస్క్‌కి నేరుగా రాసే డీడీ కమాండ్‌తో ఒక్క లైన్లో అయిపోతుందని ఎక్కడో చదివి ఉత్సాహపడ్డాను. ఇంట్లో లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెడితే ఎప్పుడూ ఎస్‌డీబీ అనే పేరుతో వచ్చేది. షాపు సిస్టమ్‌లో కూడా అదే పేరు కొట్టాను. షాపులో ఎస్‌డీబీ అంటే రెండో హార్డ్ డిస్క్. నాలుగేళ్ల శుభలేఖల డిజైన్లన్నీ అందులోనే. డీడీ "నిజంగానేనా?" అని అడగదు. చెప్పింది చేసుకుంటూ పోతుంది. పెన్‌డ్రైవ్ లైటు వెలగడం లేదేమిటా అని నాకు అనుమానం వచ్చేసరికి డిస్క్ మొదట్లో పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో రాసి ఉండే పట్టిక) ఉండే చోట మింట్ కూర్చుంది.

ఫొటోరెక్ అనే ఉచిత టూల్‌తో రెండు రాత్రులు కూర్చున్నాను. ఫొటోలు, పీడీఎఫ్‌లు చాలావరకు వచ్చాయి, కానీ ఒక్కదానికీ అసలు పేరు లేదు. అన్నీ నంబర్లే. ఎవరి పెళ్లి ఎవరిదో తెరిచి చూస్తే గానీ తెలియదు. ఇప్పటికీ ఆ ఫోల్డర్‌లో కొన్ని వందల ఫైళ్లు అలాగే పడి ఉన్నాయి.

ఆ తర్వాత వారమే వెంటాయ్ మొదలుపెట్టాను. అందరూ దీన్ని పొగిడేది ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్‌ఓలు పెట్టుకోవచ్చని. నాకు నచ్చింది అది కాదు. డిస్క్‌ని తుడిచే ప్రమాదకరమైన పని జీవితంలో ఒక్కసారే చేస్తాం. ఆ తర్వాత జరిగేదంతా మామూలు ఫైల్ కాపీ. తప్పు డిస్క్ ఎంచుకునే అవకాశమే ఉండదు.

పనిచేసే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. వెంటాయ్ పెన్‌డ్రైవ్‌ని రెండు భాగాలు చేస్తుంది. చివర్లో 32 ఎంబీల చిన్న పార్టిషన్, అందులో బూట్ అయ్యే ప్రోగ్రామ్. మిగిలిందంతా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో మామూలు పెన్‌డ్రైవ్ లాగే కనిపిస్తుంది. ఐఎస్‌ఓని అందులో పడేస్తే చాలు, విప్పదు, మార్చదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఉన్న ఐఎస్‌ఓలన్నీ మెనూలో వరుసగా కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుంటే దాన్నే డీవీడీ పెట్టినట్టు నడిపిస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ కాబట్టి, ఒక్కో ఫైల్ నాలుగు జీబీ దాటకూడదనే ఫ్యాట్32 బాధ లేదు. విండోస్ 11 ఐఎస్‌ఓ ఐదు జీబీ పైనే ఉంటుంది, నిశ్చింతగా కూర్చుంటుంది. మిగిలిన ఖాళీలో ప్రింటర్ డ్రైవర్లు, ఫాంట్లు, చివరికి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కూడా పెట్టాను. కొత్త వెర్షన్ వస్తే అప్‌డేట్ బటన్ నొక్కితే చాలు, ఐఎస్‌ఓలు అలాగే ఉంటాయి. నేను ఇప్పటికి నాలుగైదు సార్లు చేశాను, ఒక్క ఫైల్ పోలేదు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. చౌకగా వస్తోందని 128 జీబీది ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఐఎస్‌ఓలు కాపీ అయ్యాయి, మెనూలో కనిపించాయి, ఎంచుకుంటే నల్ల తెర. రెండు రోజులు వెంటాయ్‌నే తిట్టుకున్నాను. చివరికి ఎఫ్3 అనే టూల్‌తో పరీక్షిస్తే తెలిసింది, లోపల అసలు సరుకు ఎనిమిది జీబీ కూడా లేదు. పైన అంకె మాత్రమే 128. అప్పటినుంచి కొత్త పెన్‌డ్రైవ్ ఏది కొన్నా ముందు అంచుల దాకా నింపి చూసుకున్నాకే వాడతాను. విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అదే పని చేస్తుంది. ఇప్పుడు వాడుతున్నది 64 జీబీ, యూఎస్‌బీ 3.0. పాత యూఎస్‌బీ 2.0 దానిలో మింట్ ఐఎస్‌ఓ కాపీ అవడానికి ఒక టీ తాగి రావచ్చు. ఇందులో అయితే టీ చెప్పేలోపు అయిపోతుంది.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. లినక్స్‌లో కాపీ చేస్తుంటే బార్ నిండిపోతుంది గానీ రాత ఇంకా పూర్తవ్వదు. సగం మెమరీలోనే ఉండి, వెనకాల మెల్లగా పెన్‌డ్రైవ్‌లోకి దిగుతుంటుంది. నేను బార్ నిండగానే లాగేశాను. ఆ పెన్‌డ్రైవ్‌తో పక్క వీధి ట్యూషన్ సెంటర్‌లో ఇన్‌స్టాల్ మొదలుపెడితే ముప్పావు వంతు దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ముప్పావు దగ్గర ఆగిన సిస్టమ్ ఎందుకూ పనికిరాదు. పైగా చుట్టూ పిల్లలు. ఇప్పుడు ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చు అనే మాట వచ్చేదాకా ముట్టుకోను. ఫైల్ చెడిందో లేదో చెప్పే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ కూడా సరిచూస్తాను. వెంటాయ్ మెనూలోనే ఆ సౌకర్యం ఉంది. కాబట్టి డౌన్‌లోడ్ తప్పిందా, కాపీ తప్పిందా అన్నది అక్కడే తేలిపోతుంది.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ మా మేనల్లుడి లాప్‌టాప్‌తో వచ్చింది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, కాలేజీలో ఉబుంటు అనే లినక్స్ కావాలన్నారట. రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మావయ్యా, నీలం స్క్రీన్ వచ్చి ఏదో కీ అడుగుతోంది. 48 అంకెలట!"

"ఒరేయ్, ముందు ఏం నొక్కావో చెప్పు" అన్నాను.

వెంటాయ్ బూట్ అవ్వలేదని వీడియో ఏదో చూసి బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి, నమ్మకమైన ప్రోగ్రామ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ తీసేశాడు. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ మారేసరికి ఎవరో చెయ్యి పెట్టారని ఆ తాళం వేసే బిట్‌లాకర్ అనుకుంటుంది, రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లాప్‌టాప్ కొన్నప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఏమో మా బావగారి పాత మెయిల్‌తో తెరిచారు, పాస్‌వర్డ్ ఆయనకే గుర్తు లేదు. పది నిమిషాలు నాకూ చెమటలు పట్టాయి. తర్వాత, వాడు మార్చింది వెనక్కి పెట్టి చూద్దామని సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయించాను. కీ అడగకుండా విండోస్ తెరుచుకుంది. మర్నాడు బావగారిని కూర్చోబెట్టి, ఫోన్‌కి ఓటీపీ రప్పించి, ఖాతా తెరిచి, ఆ 48 అంకెలు కాగితం మీద రాయించాకే మిగతా పని మొదలుపెట్టాం.

నిజానికి వాడు సెక్యూర్ బూట్ తీయనక్కర్లేదు. వెంటాయ్ మొదటిసారి ఒక కంప్యూటర్‌లో లేచేటప్పుడు వెరిఫికేషన్ కుదరలేదని భయపెట్టే తెర వస్తుంది. అక్కడ ఓకే కొట్టి, డిస్క్ నుంచి కీ నమోదు చేసే ఎంపికకు వెళ్లి, వీటాయ్ఈఎఫ్ఐ అనే పార్టిషన్‌లో ఉన్న సర్టిఫికెట్ ఫైల్ చూపించి రీబూట్ చేస్తే సరి. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కసారే. కానీ తెలియని మనిషికి ఆ తెర చూస్తే లాప్‌టాప్ పోయిందనే అనిపిస్తుంది. నా లెక్కలో వెంటాయ్‌కి మార్కులు తగ్గేది ఇక్కడే. రూఫస్‌తో మింట్ పెడితే ఈ గొడవ నాకెప్పుడూ రాలేదు.

రెండో లోపం కొంచెం లోతైనది. వెంటాయ్ ఓపెన్ సోర్సే, అంటే దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. కానీ ఆ సోర్స్‌లో ముందే కంపైల్ చేసి (మెషీన్ భాషలోకి మార్చి) పెట్టిన ఫైళ్లు కొన్ని ఉన్నాయి. లోపల ఏముందో చదివి చూసుకునే వీలు లేదు. 2024 మార్చిలో, చాలా లినక్స్‌లలో వాడే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడ్డాక, వెంటాయ్ విషయంలోనూ ఇదే అడిగేవాళ్లు పెరిగారు. నాకు ఆ ప్రశ్న సబబుగానే అనిపిస్తుంది. అందుకే బ్యాంకు పనులు చేసే మా ఇంటి లాప్‌టాప్‌కి వెంటాయ్ వాడలేదు, ఐఎస్‌ఓని నేరుగా వేరే పెన్‌డ్రైవ్‌కి రాసుకున్నాను. మింట్‌లోనే యూఎస్‌బీ ఇమేజ్ రైటర్ ఉంది. పెన్‌డ్రైవ్‌లను మాత్రమే చూపిస్తుంది కాబట్టి నా డీడీ కథ అందులో జరగదు. ముందే తెలిస్తే ఎంత బాగుండేది.

పెన్‌డ్రైవ్ తయారైంది కదా అని కూర్చుంటే ఓఎస్ పడదు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ఖాళీ చోటు కోయాలి. మా షాపు ఎస్‌ఎస్‌డీలో 240 జీబీలో 90 పైగా ఖాళీ ఉన్నా మొదట 11 జీబీ కంటే ఎక్కువ ఇవ్వనంది. కదలని ఫైళ్లు మధ్యలో కూర్చుని ఉంటాయి. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రీస్టోర్ కాసేపు ఆపి రీస్టార్ట్ చేస్తే 60 జీబీ ఇచ్చింది. హైబర్నేషన్ ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, అదీ మంచిదే. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో చదవగలం గానీ రాయలేం.

బూట్ మెనూ కీ కంపెనీకొకటి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఇవి ఒక చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్‌కి సెల్లోటేప్‌తో చుట్టాను. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీయే కనిపించదు. బయోస్‌లో ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అలా అవుతుంది. దాన్ని తటాలున మార్చకండి, విండోస్ లేవదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి పెట్టుకుని, అప్పుడు మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపాలి.

మింట్ వేసిన మర్నాడు ఇంకో తమాషా. విండోస్‌లో కొట్టిన బిల్లు మీద ఉదయం 11 గంటలకు బదులు 5.30 అని పడింది. తెల్లవారుజామున షాపు తెరిచారా అని కస్టమర్ నవ్వాడు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. మనకు తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్‌ని లోకల్ టైమ్ వాడమని టెర్మినల్‌లో ఒక్క కమాండ్ ఇస్తే కుదురుకుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. ఆ నెల నుంచి ఈ పెన్‌డ్రైవ్‌కి చేతినిండా పని. పక్క జిరాక్స్ షాపు, ట్యూషన్ సెంటర్, మా వీధి మందుల షాపు, అందరివీ విండోస్ 11 ఒప్పుకోని పాత సిస్టమ్‌లే. కొందరికి మింట్ ఒక్కటే వేశాను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు రెండూ ఉంచాను. ఒక పాత 32 బిట్ డెస్క్‌టాప్‌కి మాత్రం డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో 12వ వెర్షన్ వెతికి పెట్టాను, డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. ఎక్కడికి వెళ్లినా ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ మోడ్‌లో ఓ అరగంట వాడిస్తాను. వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ చూసుకున్నాక వాళ్లే సరే అంటే అప్పుడు ఇన్‌స్టాల్. వద్దన్నవాళ్లూ ఉన్నారు. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే వాళ్ల విండోస్ వాళ్లకు ఉంటుంది.

ఒక్కసారి మింట్ వేసుకుని ఆగేవాళ్లయితే రూఫస్ చాలు, లేదా మింట్‌లోని ఇమేజ్ రైటర్. నలుగురి సిస్టమ్‌లు చూడాల్సిన వాళ్లయితే వెంటాయ్ పెట్టుకోండి. నా దాంట్లో ప్రస్తుతం మింట్ 22, ఉబుంటు 24.04, డెబియన్ 12, విండోస్ 10, 11, డిస్క్ కాపీకి క్లోన్‌జిల్లా, పార్టిషన్ల పనికి జీపార్టెడ్ ఉన్నాయి. ఉన్నాయి అంటే, వారం కిందట మేనల్లుడు హాస్టల్‌కి పట్టుకెళ్లాడు. అక్కడ రూమ్మేట్లు ముగ్గురికి ఉబుంటు వేశాడట. ఈసారి 48 అంకెలు ముందే రాయించుకున్నాడని మాత్రం చెప్పాడు. సంక్రాంతికి తెస్తానన్నాడు, చూడాలి.