పాత మెయిళ్లు దాచడానికి ఎంబాక్సా, మెయిల్‌డిరా: రెండూ వాడి చూశాక

ఇప్పటికి మూడుసార్లు మెయిల్ ప్రోగ్రామ్ మార్చాను. మొదటిసారి మారినప్పుడు, పాతది (పేరెందుకులే) తన సొంత ఫార్మాట్‌లో దాచిన నాలుగేళ్ల మెయిళ్లు ఇంకెందులోనూ తెరుచుకోక అలాగే పోయాయి. అప్పట్నుంచి ప్రోగ్రామ్ చూడ్డానికి ఎలా ఉందన్నది తర్వాత, మెయిల్‌ని డిస్క్ మీద ఏ రూపంలో పెడుతుందన్నదే ముందు చూస్తున్నాను.

లినక్స్‌లో మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో మెయిల్‌డిర్ వాడాను. డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం చేసిన పద్ధతి ఇది. ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైలు, ఒకటి పాడైతే అదొక్కటే పోతుంది, రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి రాయకుండా ఫైలుకి వేసే లాకుల గొడవ లేదు, బ్యాకప్ తీస్తే కొత్తగా వచ్చిన ఫైళ్లు మాత్రమే కాపీ అవుతాయి. రోజువారీ వాడకానికి నాకైతే ఇంతకంటే మంచిది కనబడలేదు. కానీ విండోస్ లాప్‌టాప్‌లోకి తీసుకెళ్దామని పెన్‌డ్రైవ్‌కి కాపీ కొడితే ఎర్రర్ల వాన! చదివామా, జవాబిచ్చామా అనే గుర్తుల్ని మెయిల్‌డిర్ ఫైలు పేరు చివర కోలన్ పెట్టి రాస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్యాట్ రకం ఫైల్ సిస్టమ్‌లు పేరులో కోలన్‌ని ఒప్పుకోవు. శుబ్బరంగా కాపీ అయినవి, ఇంకా ఏ గుర్తూ పడని 'న్యూ' ఫోల్డర్‌లో నేనెప్పుడూ తెరవని సేల్ ఆఫర్లు.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ మామూలుగా వాడేది ఎంబాక్స్, అంటే ఫోల్డర్ మొత్తం ఒకటే పెద్ద టెక్స్ట్ ఫైలు. ఇంగ్లిష్ 'ఫ్రమ్', దాని పక్కన స్పేస్‌తో మొదలయ్యే లైను వస్తే అక్కడ కొత్త మెయిల్ మొదలైనట్టు. అందుకే మెయిల్ లోపల ఎవరైనా అదే మాటతో లైను మొదలుపెడితే దాని ముందు > గుర్తు వచ్చి చేరుతుంది, దాన్ని మళ్లీ తీసే తీరు ప్రోగ్రామ్‌కో రకం. డిలీట్ చేసిన మెయిల్ కూడా కంపాక్ట్ (డిలీట్ చేసినవి నిజంగా తీసేసి ఫైలు కుదించడం) చేసేదాకా ఫైల్లోనే కూర్చుంటుంది. ఇంకో చిరాకు, టెక్స్టే కదా అని గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండ్) కొట్టి తెలుగు మాట వెతికితే చాలాసార్లు దొరకదు, ఎందుకంటే తెలుగు మెయిళ్లు ఎక్కువగా బేస్64 అనే కోడ్‌లోకి మారి ఉంటాయి.

ఇన్ని ఉన్నా ఆర్కైవ్‌కి ఎంబాక్సే ఖాయం చేసుకున్నాను. గూగుల్ టేకౌట్‌లో (మన డేటా దించుకునే సదుపాయం) జీమెయిల్ వచ్చేది ఇందులోనే, ఆపిల్ మెయిల్ ఇచ్చేదీ తీసుకునేదీ ఇదే, మట్ నేరుగా తెరుస్తుంది, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని చదివే మాడ్యూల్ ముందే ఉంటుంది. అవుట్‌లుక్ దారి మాత్రం వేరు, దానిది పీఎస్టీ అనే సొంత ఫార్మాట్. అందులో మెయిళ్లు ఇరుక్కున్నవాళ్లు లినక్స్‌లో రీడ్‌పీఎస్టీ అనే ప్రోగ్రామ్‌తో ఎంబాక్స్‌లోకి మార్చుకోవచ్చు. టేకౌట్ ఫైల్లో లేబుళ్లు ప్రతి మెయిల్ హెడర్‌లో (మెయిల్ పైభాగంలో ఉండే వివరాల్లో) ఉంటాయి గానీ వాటంతట అవి ఫోల్డర్లైపోతాయని ఆశపడకండి.

నేను ఏడాదికో ఎంబాక్స్ ఫైలు చేసి రెండు డిస్కుల్లో పెడుతున్నాను, రోజూ వాడేది మెయిల్‌డిరే. ఎంబాక్స్‌కి ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ కంపాక్ట్ గొడవకి కోసేశాను.