కుక్క కరిచిన కోడికి ఏది మేలు: ఇంటి వైద్యమా, ఆసుపత్రా?

కుక్క నోట్లోంచి విడిపించి తెచ్చిన కోడిని చేతుల్లోకి తీసుకోగానే మన కళ్లు పెద్ద గాయం మీదికే పోతాయి. వీపు మీద చర్మం అరచేతంత మేర లేచిపోయి ఎర్రటి కండ కనిపిస్తుంటే ఇక ఇది బతకదనిపిస్తుంది. అదే ఈకలు కాస్త చెదిరి, తొడ దగ్గర చిన్న రంధ్రం మాత్రమే ఉంటే, అమ్మయ్య, పెద్దగా ఏమీ కాలేదు అనుకుంటాం. బెంగళూరులో ఇంటి వెనక కాస్త జాగాలో నాలుగు కోళ్లు పెంచుకునే మాబోటి వాళ్లు తడబడేది ఇక్కడే. ఇంట్లో మాన్పుకోగలిగింది చాలావరకు ఆ పెద్ద గాయాన్నే. ఆసుపత్రికి పరుగెత్తాల్సింది ఆ చిన్న రంధ్రం కోసం.

ఎందుకంటే కుక్క కరిచినప్పుడు పై కోరలు ఒకవైపు, కింది కోరలు ఇంకోవైపు దిగుతాయి. అది తల విదిలిస్తే చర్మం కింద కండ నలిగిపోతుంది. కోడి చర్మం పలచన, పైగా వదులుగా ఉంటుంది. కోర బయటికి రాగానే రంధ్రం దాదాపు మూసుకుపోతుంది, కుక్క నోట్లోని పాస్చురెల్లా లాంటి క్రిములు మాత్రం లోపలే మిగిలిపోతాయి. అవి రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. దానికి తోడు కోళ్లలో చీము మనకు కారినట్టు కారదు. జున్ను ముక్కలా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. అది దానంతటదే బయటికి రాదు, డాక్టరు గాటు పెట్టి తీయాల్సిందే.

వెడల్పుగా చిరిగిన గాయం అలా కాదు. తెరుచుకునే ఉంటుంది, కడగొచ్చు, రోజూ కంటితో చూసుకోవచ్చు. అడుగు నుంచి కొత్త కండ పట్టుకుంటూ, అంచుల నుంచి చర్మం కమ్ముకుంటూ వస్తుంది. కుట్లు లేకుండానే అంత పెద్ద గాయం పూడిపోవడం చూస్తే కోడి ఒంట్లో ఇంత శక్తి ఉందా అనిపిస్తుంది. కుక్క కాటును వెంటనే కుట్టేస్తే క్రిములు లోపలే చిక్కుకుంటాయని డాక్టర్లు కూడా చాలాసార్లు దాన్ని తెరిచే ఉంచుతారు.

అందుకే ముందు వెతకాలి. మంచి వెలుతురులో, తడి దూదితో ఈకలను పాయలు తీస్తూ, తోక మొదలు, రెక్కల కింద, తొడల లోపలివైపు అంతా చూడాలి. ఒక గాటు దొరికితే దానికి ఎదురువైపు ఇంకోటి ఉంటుందనే అనుకుని వెతకండి. గాయం చుట్టూ ఈకలు పీకొద్దు, చర్మం ఇంకా చిరుగుతుంది. కత్తెరతో కత్తిరించండి. నల్లటి కాడతో అప్పుడే మొలుస్తున్న ఈకలను మాత్రం ముట్టుకోవద్దు, వాటిలో నెత్తురు ఉంటుంది. పట్టుకునేటప్పుడు రొమ్ము బిగించకూడదు. కోడికి మనకున్నట్టు రొమ్ముకీ పొట్టకీ మధ్య ఊపిరి ఆడించే కండర పొర (డయాఫ్రమ్) ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

కోడికి రేబిస్ వస్తుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, అది పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. మీ సంగతి వేరు. విడిపించేటప్పుడు కుక్క పన్నో గోరో మీకు తగిలినా, మీ చేతి పుండు మీద దాని చొంగ పడినా, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే టీకాకు వెళ్లండి. కోడి కాసేపు ఆగగలదు, ఇది ఆగేది కాదు.

మొదటి రాత్రి: బల్బా, వేడినీళ్ల సీసానా?

ఇంట్లో చూసుకున్నా, ఆసుపత్రికి తీసుకెళ్లినా, మొదటి కొన్ని గంటల్లో కోడిని చంపేది ఎక్కువగా షాక్. తురాయి పాలిపోతుంది, కాళ్లు చల్లబడతాయి, కళ్లు మూసుకుని ముడుచుకుపోతుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడి నిలబెట్టుకునే ఓపిక అప్పుడు దానికి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు రాత్రి 15 డిగ్రీల దాకా దిగుతుంది కదా, వరండాలో వదిలేస్తే తట్టుకోలేదు. అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, ఇంట్లో పిల్లల సందడి లేని గదిలో, చీకట్లో పెట్టండి.

వేడికి చాలామంది పెట్టెలో బల్బు వేలాడదీస్తారు. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే, వాటి నుంచి పెద్దగా వేడి రాదు. పాత ఫిలమెంట్ బల్బు దొరికినా రాత్రంతా వెలుతురు ఉంటే కోడి నిద్రపోదు. నా ఓటు వేడినీళ్ల సీసాకే. గుడ్డ చుట్టి పెట్టెలో ఒక మూలకు పెడితే, కావాలంటే ఆనుకుంటుంది, ఎక్కువైతే జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని అర్థం.

నీళ్లు ముందర పెట్టండి, ముక్కు కొసను తడిపి వదిలేయండి. సిరంజీతో గొంతులో పోయొద్దు. కోడికి గాలిగొట్టం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి రోజు నీళ్లలో కాస్త ఓఆర్‌ఎస్ కలపొచ్చు. తేరుకున్నాక ఉడికించిన గుడ్డు, నానబెట్టిన మేత ఇవ్వండి.

ఉప్పునీళ్లా, డెటాలా, పసుపా?

మదనపల్లెలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేస్తే మొదటి మాట, "పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టు పాపా, నాలుగు దినాల్లో మానిపోతుంది" అంటుంది. పైపైన గీరుకుపోయిన చోట అది నిజమే, దానివల్ల నష్టం లేదు. కుక్క కాటుకు మాత్రం నేను పసుపు వాడను. పొడి లోపల ఉండకట్టి మురికిని పట్టి ఉంచుతుంది. పైగా అంతా పచ్చగా అయిపోయాక గాయం ఎర్రబడుతోందో, కుళ్లుతోందో కనిపించదు. నూనె ఈకలకు అంటితే కోడికి చలి ఎక్కువవుతుంది.

డెటాల్ ఘాటు వాసన వస్తుంటే, హైడ్రోజన్ పెరాక్సైడ్ నురుగులు కక్కుతుంటే శుభ్రమవుతోందనిపిస్తుంది కానీ అవి క్రిములతో పాటు కొత్తగా పట్టే కండను కూడా దెబ్బతీస్తాయి. రోజూ వాడితే గాయం మానడం ఆలస్యమవుతుంది. అన్నిటికంటే మేలు ఉప్పునీళ్లు. లీటరు నీళ్లు మరిగించి 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ స్పూన్లు వేసి గోరువెచ్చగా చల్లార్చాలి. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ కూడా ఇదే. సూది తీసేసిన 20 మి.లీ. సిరంజీతో, మట్టి, ఈక ముక్కలు పోయేదాకా ధారగా కడగండి. తర్వాత బెటాడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి అద్దితే చాలు.

ఒక్క జాగ్రత్త. వీపు మీద, పక్కటెముకల దగ్గర ఉన్న రంధ్రంలోకి ధార కొట్టొద్దు. కోడి ఒంట్లో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు కూడా ఉంటాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఆ రంధ్రం దగ్గర బుడగలు వస్తున్నా, చర్మం ఉబ్బి వేలితో నొక్కితే చిటపటమంటున్నా, గాలి సంచి చిరిగిందన్నమాట. అది ఇంటి వైద్యం కాదు.

కట్టు కట్టాలా, వదిలేయాలా?

కట్టకపోవడమే మంచిది. ఒంటి చుట్టూ బిగించిన కట్టు ఊపిరిని ఆపుతుంది, చెమ్మ పట్టి లోపల కుళ్లుతుంది. కానీ తెరిచి ఉంచితే ఈగ వాలుతుంది. ఈగ గుడ్లు ఒక్క రోజులోపే పురుగులవుతాయి. అందుకే ఇంట్లో, పెట్టె మీద దోమతెర కప్పి ఉంచండి. పశువుల పుండ్లకు వాడే టర్పెంటైన్ నూనె కోడికి వద్దు, చర్మం కాలుతుంది, ఆ ఘాటు దాని ఊపిరికీ మంచిది కాదు.

రెండో మూడో రోజు గాయం చుట్టూ చర్మం పచ్చబడితే కుళ్లిపోయిందని భయపడకండి. మనకు దెబ్బ తగిలితే కమిలి నల్లబడినట్టు కోళ్లకు ఆకుపచ్చగా మారుతుంది. కుళ్లిందో లేదో చెప్పేది వాసన. కంపు కొడితే వెంటనే డాక్టరు దగ్గరికే.

ఆసుపత్రికి ఎప్పుడు, ఎక్కడికి?

కోర దిగిన రంధ్రం ఒక్కటి ఉన్నా, ఎముక విరిగినా, ఊపిరి ఎగపోస్తున్నా, పొట్ట మీద గాయమున్నా ఆ రోజే తీసుకెళ్లాలి. యాంటీబయాటిక్ ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది. బెంగళూరులో క్లినిక్‌లకు కొదవ లేదు గానీ వాటిలో చాలావరకు కుక్కలు, పిల్లులనే చూస్తాయి. పక్షుల్ని చూస్తారా అని ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి, క్వీన్స్ రోడ్డులోని ప్రభుత్వ పశువైద్యశాల, ఈ రెండూ గుర్తుంచుకోవాల్సినవి. గిరిరాజ కోడి జాతిని తయారుచేసింది కూడా హెబ్బాళలోనే. మా పెరట్లో తిరిగేవి ఆ కోళ్లే కాబట్టి నాకు ఆ చోటంటే కొంచెం అభిమానం ఎక్కువే. కృష్ణరాజపురం వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లాలంటే పొద్దున్నే బయల్దేరాలి. ట్రాఫిక్‌లో హారన్ల మధ్య గంటసేపు ఇరుక్కోవడం షాక్‌లో ఉన్న కోడికి ఇంకో దెబ్బ. హోస్కోటె, ఆనేకల్ వైపు ఉన్నవాళ్లు 1962కు ఫోన్ చేసి చూడొచ్చు, మన ఆంధ్రలో పశువుల అంబులెన్స్‌కు ఉన్న నంబరే అక్కడా.

దూరం, ఖర్చు చూసుకుని మెడికల్ షాపులో మాత్రలు కొని వేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. మనం నొప్పికి వేసుకునే డైక్లోఫినాక్ పక్షుల మూత్రపిండాలను పాడుచేస్తుంది. రాబందులు కనుమరుగైంది ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తినే. అందుకే 2006లో పశువులకు దాన్ని నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా. కోడికి నొప్పి తగ్గించడానికి డాక్టర్లు ఎక్కువగా మెలోక్సికామ్ రాస్తారు, అదీ బరువు చూసి. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులూ గుడ్లు తినొద్దు. ఎలాగూ గాయపడ్డ పెట్ట కొన్నాళ్లు గుడ్లు పెట్టడం మానేస్తుంది.

కోసేసుకోవచ్చు కదా అని పక్కింటివాళ్లు అంటారు. కుక్క నోట్లో పడిన కోడిని కూరకు వాడకపోవడమే మంచిది, నలిగిన కండలోకి క్రిములు చేరి ఉంటాయి. అయితే పేగులు బయటపడి, నడుం విరిగి, కాళ్లు రెండూ పడిపోయిన కోడిని రోజుల తరబడి పెట్టెలో ఉంచడం కూడా ప్రేమ అనిపించుకోదు. నొప్పి లేకుండా పంపించమని డాక్టరునే అడగండి.

తిరిగి మందలోకి

ఎర్రటి గాయం కనిపిస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, నెత్తురు రుచి చూస్తే ఆపవు. అలాగని పూర్తిగా కనపడకుండా పెడితే కొత్త కోడిలా తరిమేస్తాయి. తేరుకున్నాక పగలు కాసేపు గంప కింద పెట్టి వాటి మధ్యలోనే ఉంచడం నాకు నచ్చిన దారి. చూసుకుంటాయి, ముక్కు అందదు. చర్మం మూసుకుని, కొత్త ఈకలు మొలిచాక సాయంత్రం గూటికి చేరే వేళ వదిలితే గొడవ తక్కువ.

గూడు మాత్రం అప్పటికే మార్చి ఉండాలి. కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచడానికే పనికొస్తుంది, కుక్క పళ్లతో లాగితే విడిపోతుంది. వెల్డ్ మెష్‌కు, అంటే కమ్మీలను వెల్డింగ్ చేసి అతికించిన గట్టి ఇనుప జాలీకి, ఖర్చు ఎక్కువైనా అదే వేయించండి. గోడ వెంబడి బయటివైపు అడుగున్నర వెడల్పున నేల మీద కూడా పరిచి మట్టి కప్పితే, తవ్వుకుని లోపలికి వచ్చే దారీ మూసుకుపోతుంది.