గూగుల్ అనలిటిక్స్ 4: ఏళ్ల తరబడి వాడాక

సైట్‌కి ఎవరు, ఎక్కడి నుంచి వస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ పాత పరికరం యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1 నుంచి లెక్కపెట్టడం ఆపేసింది. అప్పటి నుంచి చిన్నా పెద్దా సైట్లకు దాని స్థానంలో వచ్చిన ఈ అనలిటిక్స్ 4 దిక్కు. ఉచితం, లోతూ ఉంది. కానీ సెట్టింగులు వచ్చినవి వచ్చినట్టు వదిలేస్తే లెక్క దారి తప్పుతుంది.

ముందు అడ్మిన్‌లో డేటా రిటెన్షన్ (వివరాలు ఎన్నాళ్లు దాచాలనే గడువు) చూడండి. 2 నెలలని ఉంటుంది, 14 నెలలు చేయండి. లేకపోతే పోయిన సంక్రాంతినీ ఈ సంక్రాంతినీ ఎక్స్‌ప్లోరేషన్స్‌లో (మనమే తయారుచేసుకునే విశ్లేషణల్లో) పక్కపక్కన పెట్టి చూడలేరు. మామూలు రిపోర్టులకు ఈ గడువు వర్తించదు.

బౌన్స్ రేట్, అంటే వచ్చి ఊరికే వెళ్లిపోయిన సందర్శనల శాతం: పేరు పాతదే, అర్థం మారింది. 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, కీ ఈవెంట్ (మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పని) జరిగినా అది ఎంగేజ్డ్ సెషన్, అంటే ఆసక్తిగా సాగిన సందర్శన. మిగిలినదే బౌన్స్. కాబట్టి పాత అంకెతో పోల్చకండి. ఒకే వ్యాసం ఐదు నిమిషాలు చదివి వెళ్లినవారిని బౌన్స్ కింద కట్టే అన్యాయం పోయింది, అది నాకు బాగా నచ్చింది. పెద్ద వ్యాసాల సైట్‌కి 10 సెకన్లు మరీ తక్కువ. ట్యాగ్ (సైట్‌లో పెట్టే లెక్కింపు కోడ్) సెట్టింగుల్లో 30కి పెంచడం మేలు.

తెలుగు సైట్లకు అసలు చిక్కు వాట్సాప్. అక్కడి నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా 'డైరెక్ట్'లో, అంటే మూలం తెలియనివారి ఖాతాలో, పడతారు. మీరు పంపే లింకుకి యూటీఎం (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ఇంగ్లిష్ తోక) తగిలించండి, అన్నీ చిన్న అక్షరాల్లోనే. పెద్దక్షరం ఒక్కటి తేడా వచ్చినా వేరే మూలంగా లెక్కేస్తుంది. యూఆర్ఎల్‌లో తెలుగు ఉంటే రిపోర్టులో శాతం గుర్తుల దండ కనిపిస్తుంది, ఏ పేజీయో తెలీదు. పేజ్ టైటిల్ పెట్టి చూడండి.

యూజర్ అంటే మనిషి కాదు, బ్రౌజర్; దాన్ని గుర్తుపట్టేది అందులో దాచే కుకీ అనే చిన్న గుర్తుతో. ఫోన్లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి చదివినవారు ఇద్దరవుతారు. సఫారీ ఇలాంటి కుకీలను 7 రోజులకే తీసేస్తుంది. పదిరోజులకోసారి ఐఫోన్లో వచ్చే అమెరికా పాఠకుడు ప్రతిసారీ కొత్తవాడే. ఊళ్ల జాబితానూ మరీ నమ్మకండి: ఐపీ చిరునామాను బట్టి వేసే అంచనా అది, గుంటూరు మొబైల్ పాఠకుడు హైదరాబాద్ ఖాతాలో పడొచ్చు.

గూగుల్ వెతుకులాటలో మీ సైట్‌కి వచ్చిన క్లిక్కులు చూపే సెర్చ్ కన్సోల్ లెక్క దీంతో సరిపోవడం లేదని కంగారు వద్దు. అందులో రోజువారీ పట్టిక అమెరికా పసిఫిక్ సమయంలో ఉంటుంది, మనకంటే పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. వారం మొత్తం కలిపి పోల్చండి.

సొంత ఆఫీసు ఐపీని తీసేసే ఫిల్టర్ మొదట 'టెస్టింగ్'లోనే ఉంటుంది. దాన్ని 'యాక్టివ్' చేసేదాకా మీ సిబ్బంది కూడా పాఠకుల లెక్కలోనే. ఫిల్టర్ వెనక్కి పనిచేయదు, అందుకే సైట్ పెట్టిన రోజే ఆ పని చేయాలి.