‘లా బయదేర్’ ఇంట్లో చూడాలంటే లండన్, పారిస్, మాస్కో రికార్డింగుల్లో ఏది మేలు?

మొదటిసారి బాలే (యూరప్ శాస్త్రీయ నాట్యం) రికార్డింగు చూడాలనుకునేవాళ్లకి ఎవరైనా ముందు ‘స్వాన్ లేక్’ పేరే చెబుతారు. చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లకి, అందులోనూ ఇంట్లో ఎవరో ఒకరు కూచిపూడో భరతనాట్యమో నేర్చుకున్నవాళ్లకి, నేను మాత్రం ‘లా బయదేర్’తో మొదలుపెట్టమంటాను. ఇది మన దేశంలో జరిగే కథ, నాయిక గుడిలో నాట్యం చేసే అమ్మాయి, కథ మలుపు తిరిగేది కూడా ఆమె నిండు సభలో చేసే ఒక నాట్యం దగ్గరే. అభినయం చూడ్డం అలవాటైన కళ్లకి ఇందులో పట్టు దొరుకుతుంది. ‘స్వాన్ లేక్’ తర్వాతైనా చూడొచ్చు.

కథ క్లుప్తంగా చెప్తాను. నికియా, యోధుడు సోలోర్ ప్రేమించుకుంటారు, గుడి ప్రధాన పూజారికీ నికియా మీద మనసుంటుంది. రాజు తన కూతురు గమ్‌జాటిని సోలోర్‌కి ఇస్తానంటాడు, అతను కాదనలేడు. నిశ్చితార్థంలో నికియా నాట్యం చేయాల్సి వస్తుంది, చేతికి ఒక పూలబుట్ట అందుతుంది, అందులో రాజకుటుంబం పెట్టించిన పాము. పూజారి విరుగుడు మందు ఇస్తానంటే, సోలోర్ పక్కకి తిరిగిపోవడం చూసి ఆమె ఆ మందు వద్దంటుంది. ఆ తర్వాత సోలోర్ నల్లమందు మత్తులో, చనిపోయినవాళ్ల ఛాయల లోకంలో ఆమెను మళ్లీ చూస్తాడు. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెటిపా దీన్ని కూర్చాడు, సంగీతం లుడ్విగ్ మింకుస్‌ది.

పెటిపా మన దేశానికి ఎప్పుడూ రాలేదు. ఇందులో కనిపించేది ఆనాటి యూరప్ ఊహించుకున్న ఇండియా, నిప్పు చుట్టూ గంతులేసే ఫకీర్లతో సహా. మద్రాసు చట్టం 1947లో నిషేధించిన దేవదాసీ వ్యవస్థ వెనకున్న నిజమైన ఆడవాళ్ల బతుకులు ఇందులో ఏమాత్రం కనపడవు. అది తెలిసే చూడాలి, పక్కన పిల్లలు కూర్చుంటే వాళ్లకీ చెప్పాలి.

నేను పోల్చేది మూడింటిని. ఒకటి, 2009 లండన్ రాయల్ బాలే రికార్డింగు, నతాలియా మకరోవా కూర్చిన రూపం: తమారా రోహో నికియా, కార్లోస్ అకోస్టా సోలోర్, మారియానెలా నున్యెజ్ గమ్‌జాటి. రెండు, పారిస్ ఒపేరా 1994 రికార్డింగు, రష్యన్ నర్తకుడు రుడోల్ఫ్ నురేయెవ్ రూపం, ఇందులో అవే పాత్రల్లో వరసగా ఇజబెల్ గెరాన్, లోరాన్ ఇలేర్, ఎలిజబెత్ ప్లాటెల్. మూడు, మాస్కోలోని బొల్షోయ్ బృందం 2013 రికార్డింగు, యూరి గ్రిగరోవిచ్ రూపం, స్వెత్లానా జఖారోవా నికియా, వ్లదిస్లావ్ లాంత్రతోవ్ సోలోర్, మరియా అలెగ్జాండ్రోవా గమ్‌జాటి.

నన్నడిగితే మొదటిసారి చూసేవాళ్లకి లండనే మేలు. అసలు కారణం కథ పూర్తిగా ఉండటం. పెటిపా మొదట కూర్చినప్పుడు చివర్లో సోలోర్, గమ్‌జాటిల పెళ్లి, దేవతల ఆగ్రహం, గుడి కూలిపోవడం ఉండేవి. సోవియట్ కాలంలో ఆ చివరి అంకం వదిలేశారు. 1970లో సోవియట్ బృందం కిరోవ్ బాలేతో లండన్ వచ్చి వెనక్కి వెళ్లకుండా ఆగిపోయిన మకరోవా, 1980లో అమెరికన్ బాలే థియేటర్ కోసం పూర్తి బాలే కూర్చినప్పుడు ఆ అంకాన్ని మళ్లీ పెట్టింది, సంగీతాన్ని జాన్ లాంచ్‌బెరీ సర్దాడు. లండన్‌లో ఆడేది ఆ రూపమే. పారిస్, మాస్కో రెండూ ఛాయల అంకంతోనే ముగిసిపోతాయి. మన నాట్యం, నాటకం, యక్షగానం చూసి పెరిగినవాళ్లకి చేసిన పాపానికి ఫలితం కనపడకుండా తెర పడితే ఏదో వెలితిగా ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు పారిస్ రికార్డింగు అయిపోయాక “మరి ఆ రాజు సంగతేంటి?” అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

లండన్‌కి ఇంకో బలం నటన. మొదటి అంకంలో గమ్‌జాటి నికియాని పిలిపించి, నగ ఇచ్చి సోలోర్‌ని వదిలేయమంటుంది, నికియా ఒప్పుకోదు, మాటామాటా పెరిగి చివరికి కత్తి ఎత్తుతుంది, అంతా మూకాభినయమే. రోహో, నున్యెజ్ ఇద్దరూ ఆ సీన్‌ని ఎంత స్పష్టంగా చేస్తారంటే సబ్‌టైటిల్స్ లేకపోయినా ఎవరు ఎవర్ని ఏమంటున్నారో మా అమ్మకి కూడా తెలిసిపోయింది. ఆ తర్వాత సభలో నికియా చేసే నాట్యం చూడండి. చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద వాద్యం) ఒక్కటే సాగదీసి ఏడుస్తున్నట్టు మోగుతుంటే ఆమె నెమ్మదిగా కదులుతుంది. పూలబుట్ట చేతికి రాగానే అది సోలోర్ పంపిందనుకుని ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. దుఃఖంలోంచి ఆనందంలోకి అంత త్వరగా మారే ఆ క్షణం చేయగలిగితేనే నికియా. రోహో అక్కడ ముఖంతోనూ వెన్నుతోనూ చేస్తుంది. జఖారోవా కాళ్లు, పాదాలు, ఆ పొడవాటి గీతలు అద్భుతం, ఇంకెవరికీ అవి లేవు, కానీ ఆమె బాధ నన్ను అంతగా తాకలేదు. గెరాన్ ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటుంది, ఆర్భాటం లేకుండా.

అయితే ఛాయల అంకం దగ్గరికి వచ్చేసరికి నా ఓటు పారిస్‌కే, ఇందులో రెండో ఆలోచన లేదు. తెల్ల దుస్తుల్లో నర్తకులు ఏటవాలు దారి మీద ఒకరి వెనక ఒకరు దిగుతారు. అడుగు, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి ఎత్తడం, వెనక్కి వాలడం, మళ్లీ అడుగు. చేసేది అదొక్కటే, కానీ అందరూ దిగేదాకా అది ఆగదు. లండన్‌లో 24 మంది, పారిస్‌లో 32 మంది. ఎనిమిది మంది తేడా ఏముంటుందిలే అనుకోవద్దు, ఆ వరస స్టేజీ నిండా పరుచుకున్నప్పుడు మనసు నెమ్మదించే తీరే వేరు. పారిస్ ఒపేరా బృందం క్రమశిక్షణ ఆ అంకంలో కళ్లకు కడుతుంది. నురేయెవ్‌కి దీంతో పాత అనుబంధం: 1961లో కిరోవ్‌తో పారిస్ వచ్చినప్పుడు ఈ అంకంలోనే సోలోర్‌గా కనపడ్డాడు, ఆ టూర్‌లోనే అక్కడి ఎయిర్‌పోర్టులో వెనక్కి వెళ్లనని చెప్పేశాడు. 1992 అక్టోబర్‌లో పారిస్‌లో పూర్తి బాలే తెర ఎత్తేనాటికి ఎయిడ్స్‌తో బాగా కుంగిపోయి ఉన్నాడు, మరుసటి జనవరిలో పోయాడు. రికార్డింగులో ఉన్నది ఆ మొదటి రోజు ముగ్గురు ప్రధాన నర్తకులే. బొమ్మ నాణ్యత మాత్రం డీవీడీ కాలం నాటిది, పెద్ద టీవీలో కాస్త మసకగా కనిపిస్తుంది. నాకైతే అది అడ్డం కాలేదు.

కూచిపూడి వాళ్లకి పారిస్, మాస్కో రెండింట్లోనూ ఇంకో ఆకర్షణ ఉంది. తల మీద కుండ పెట్టుకుని చేసే ‘మను’ నాట్యం, చుట్టూ ఇద్దరు చిన్నపిల్లలు. మన తరంగంలో తల మీద చెంబుతో ఇత్తడి పళ్లెం అంచుల మీద ఆడేది చూసినవాళ్లు దీన్ని వదిలిపెట్టరు. మకరోవా రూపంలో ఇది లేదు. ఒళ్లంతా బంగారు రంగు పూసుకున్న విగ్రహం నాట్యం మూడింట్లోనూ ఉంది. అది పెటిపాది కాదు, 1948లో నికొలాయ్ జుబ్‌కోవ్‌స్కీ చేర్చింది. లండన్‌లో అది చివరి అంకం మొదట్లో వస్తుంది, మిగతా రెండింట్లో నిశ్చితార్థంలో.

మాస్కో రికార్డింగుని మూడో స్థానంలో పెట్టడానికి అసలు కారణం వేరే. అందులో పిల్లలకి నల్లరంగు పూసి ఆడిస్తారు. 2019లో అమెరికన్ నల్లజాతి బాలే నర్తకి మిస్టీ కోప్‌లండ్ ఈ పద్ధతిని బహిరంగంగా తప్పుపట్టినా బొల్షోయ్ మార్చలేదు. పారిస్‌లో 2015లో బెంజమిన్ మిల్పియే డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ఆ మేకప్ ఆపారు, కానీ మనం చెప్పుకుంటున్న రికార్డింగు అంతకు ముందుది. పిల్లలతో కలిసి చూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. లండన్‌ని ముందు పెట్టడానికి నాకు ఇదీ ఒక కారణమే. బొమ్మ స్పష్టతలో, జఖారోవా కాలి పనిలో మాత్రం మాస్కోకి వంక పెట్టలేం.

చెన్నై వాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. 1902లో నికియాగా చేసిన రష్యన్ నర్తకి ఆనా పావ్‌లోవానే తర్వాత రుక్మిణీదేవి అరుండేల్‌ని మీ దేశపు నాట్యం వైపు చూడమని ప్రోత్సహించింది. పావ్‌లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణీదేవి బాలే నేర్చుకున్నారు కూడా. 1936లో రుక్మిణీదేవి నాట్య పాఠశాల కళాక్షేత్ర పుట్టింది. కల్పించిన దేవదాసి పాత్ర వేసిన పావ్‌లోవా అసలైన నాట్యం విలువ గుర్తించిందన్నమాట. మార్గళి సీజన్‌లో సభలు తిరిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని నికియాని చూస్తే బాగుంటుంది.

కొనేటప్పుడు పేర్లు సరిచూసుకోండి. రాయల్ బాలేదే 2018 రికార్డింగు కూడా ఉంది, అందులో నున్యెజ్ నికియా అయింది, గమ్‌జాటి నతాలియా ఒసిపోవా, సోలోర్ వదీమ్ ముంతగిరోవ్. ఒకే మనిషి రెండు పాత్రల్లోనూ ఎలా మారిందో చూడాలంటే 2009 తర్వాత ఇది తీసుకోండి. డిస్క్ అయితే రీజియన్ (ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్) చూడాలి: మన దేశానికి బ్లూరేలో సి, డీవీడీలో 5, ‘ఆల్ రీజియన్స్’ అని ఉంటే టెన్షన్ లేదు. ఆన్‌లైన్‌లో అయితే చందా కట్టే ముందే కేటలాగ్‌లో నటుల పేర్లు, సంవత్సరం వెతకండి, పౌండ్లలోనో యూరోల్లోనో కట్టాలి కాబట్టి కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోండి. ఫోన్‌లో మాత్రం చూడొద్దు, ఛాయలు అందులో చుక్కల్లా కనపడతాయి. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగు) ఉంటే ఆపేయండి, లేకపోతే ఆ 32 మంది దిగేటప్పుడు చేతుల అంచులు సాగిపోయినట్టు కనిపిస్తాయి.