క్వాన్‌జాన్ చెర్రీ: పూలు చూసి కాదు, మొదలు చూసి కొనాల్సిన మొక్క

ఏప్రిల్ రాగానే న్యూజెర్సీ నర్సరీలు గేటు దగ్గరే నిలబెట్టే మొక్క ఇది. మందారంలో రేకమందారం, ముద్దమందారం ఉన్నట్టే చెర్రీలోనూ రెండు రకాలు. వాషింగ్టన్‌లో టైడల్ బేసిన్ అనే కొలను చుట్టూ ఎక్కువగా కనిపించే యోషినోది రేకపువ్వు, దాదాపు తెలుపు. క్వాన్‌జాన్‌ది చిక్కటి గులాబీ రంగు ముద్దపువ్వు, ఒక్కోదానికి 20 పైచిలుకు రేకులు. యోషినో పూసిన రెండు వారాలకు అటూఇటూగా విచ్చుకుంటుంది. పూతకు 5కి 5 ఇవ్వొచ్చు. ‘పెద్దగా చూసుకోనక్కర్లేదు’ అంటూ కొమ్మకు వేలాడే ట్యాగ్‌కు మాత్రం సున్నా. ఎంత బాగా చూసుకున్నా దీని ఆయుష్షు మామూలుగా 15–25 ఏళ్లే.

ఎదిగితే 30 అడుగుల ఎత్తు, ఇంచుమించు అంతే వెడల్పు. కాబట్టి ఇంటి గోడకు కనీసం 15 అడుగులు ఎడంగా, రోజూ ఆరేడు గంటలు ఎండ తగిలేచోట పెట్టాలి. టౌన్‌హౌస్ ముందుండే చాపంత జాగాకు ఇది పనికిరాదు.

కొనేటప్పుడు పూలగుత్తుల మీద కన్ను పడనివ్వకండి, వంగి మొదలు చూడండి. ఇది అంటుమొక్క. అతుకు కొన్నింటికి నేలకు దగ్గర్లో, కొన్నింటికి 4–6 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ పగులుగానీ తేనెరంగు బంకగానీ కనిపిస్తే వదిలేయండి. కాండం మట్టిలోకి దిగేచోట కాస్త వెడల్పై వేళ్లుగా విడివడాలి. కరెంటు స్తంభంలా తిన్నగా దిగిపోయిందంటే కుండీలోనే మట్టి ఎక్కువ పోసేశారన్నమాట. కుండీ పక్కకు వంచి మొక్కను కాస్త బయటికి జార్చి చూపించమనండి. వేళ్లు గోడ వెంట చుట్టలు చుట్టుకుని మట్టి కనబడకపోతే ఆ మొక్క కుండీలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ కాలం ఉంది. అడిగినందుకు మొహం మాడ్చుకునే దుకాణమైతే వేరేది వెతుక్కోండి. 5 గ్యాలన్ల కుండీ, 15 గ్యాలన్ల కుండీ రెండూ దొరికితే చిన్నదే నయం. ఖరీదూ తక్కువ, నిలదొక్కుకోవడమూ త్వరగా.

గుంత వెడల్పు వేరుముద్దకు రెండు మూడు రెట్లు ఉండాలి. లోతు మాత్రం వేరుముద్దంతే, ఇంకా చెప్పాలంటే ఓ అంగుళం తక్కువ. మామిడంటుకు మనవైపు తీసినట్టు మూడడుగుల గుంత తీసి పశువుల ఎరువు కలిపి నింపితే ఇక్కడ ఎదురుతిరుగుతుంది. గుల్లమట్టి కుంగుతుంది, దాంతోపాటే మొక్కా దిగబడుతుంది. బంకమన్ను నేలైతే ఆ గుంతే నీళ్లతొట్టి అవుతుంది, చెర్రీ వేరు నీటినిలవను అసలు ఓర్చుకోదు. ముందే గుంత నిండా నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే చోటు మార్చాలి, లేదా మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి.

చుట్టలు తిరిగిన వేళ్లను రంపంతో చుట్టూరా అంగుళం మందాన చెక్కేయండి. చెయ్యి రాదు గానీ, వదిలేస్తే కొన్నేళ్లకు ఆ వేళ్లే కాండానికి ఉరి బిగిస్తాయి. తవ్విన మట్టినే తిరిగి నింపాలి. మొదటి ఏడాది ఎరువు వద్దు. పైన చెక్కపేళ్లు 2–3 అంగుళాలు పరిచి, కాండం చుట్టూ మూడు అంగుళాలు ఖాళీ వదలండి. కొందరు ల్యాండ్‌స్కేపర్లు మొదలు చుట్టూ బొమ్మలకొలువు కొండలా పోసి పోతుంటారు. బెరడు కుళ్లేది ఆ కొండ కిందే.

నీళ్లు మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత మూడు నెలల దాకా రెండు మూడు రోజులకోసారి, ఆపైన వారానికోసారి. కాండం మందం అంగుళానికి ఒక తడికి గ్యాలన్ నుంచి గ్యాలన్నర. అయినా వేలు రెండు కణుపులు మట్టిలో దింపి, తడి తగిలితే ఆ పూటకు మానేయండి. కాండానికి చుట్టే 20 గ్యాలన్ల నీళ్లసంచి ఎండాకాలంలో బాగానే పనిచేస్తుంది, కానీ ఏడాది పొడుగునా ఉంచేస్తే దాని కింద బెరడు నానిపోయి పురుగులు చేరతాయి. చలికాలానికి ముందే విప్పేయాలి.

కత్తిరింపు పూత అయిపోగానే, పొడి వాతావరణం చూసుకుని. వచ్చే ఏడాది మొగ్గలు ఎండాకాలంలోనే కడతాయి కాబట్టి చలికాలంలో కోసేది పూలనే. అతుకు కింద నుంచి పిలకలొస్తే అవి అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కవి. వదిలేస్తే గులాబీ రంగు పూల చెట్టు మధ్యలోంచి ఓ రోజు తెల్ల రేకపూలు తొంగిచూస్తాయి, బలమంతా అటే పోతుంది. కాండం మొదట్లో బంకతోపాటు రంపపుపొట్టు లాంటిది రాలుతుంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. బంక ఒక్కటే ఉంటే దెబ్బో తెగులో కావచ్చు. జూన్, జులైల్లో జపనీస్ బీటిల్స్ ఆకుల్ని జల్లెడ చేస్తాయి. పొద్దున్నే అవి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బునీళ్ల బకెట్లోకి దులిపేస్తే చాలు, మందు దాకా పోనక్కర్లేదు. శరదృతువులో మగజింకలు కొమ్ములు రుద్ది బెరడు ఒలిచేస్తాయి, అందుకని సెప్టెంబర్ కల్లా చుట్టూ జాలీ కట్టండి. ఇంట్లో కుక్క ఉంటే జాగ్రత్త, వాడిపోయిన ఆకుల్లో సైనైడ్ విషం ఉంటుంది.

హైదరాబాద్‌లో చుట్టాలు ఆన్‌లైన్‌లో ‘సకురా (జపాన్ పూల చెర్రీ) విత్తనాలు’ చూసి అడుగుతుంటే వద్దని చెప్పండి. క్వాన్‌జాన్ గొడ్డుచెట్టు, అంటు కట్టి పెంచడమే తప్ప విత్తనాలతో పని జరగదు. పైగా చలి నిద్ర లేనిదే ఇది పూయదు. షిల్లాంగ్‌లో నవంబర్‌లో పూసేది వేరే హిమాలయ జాతి. మన ఎండలకు గులాబీ రంగు పూల టబెబుయా చెట్టు వేసుకోవచ్చు.