లాడ్జిలో పెద్దోడు, వండర్‌లాలో చిన్నోడు

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, అది కక్కేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావట్లేదు.

పిల్లల్ని హైదరాబాద్ దగ్గరున్న వండర్‌లా అనే వినోదాల పార్కుకి తీసుకెళ్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. మొన్న దసరా సెలవుల్లో ఎట్టకేలకు ఖమ్మం నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, అరవై నాలుగేళ్ళ అమ్మ, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది నేరుగా పార్కు దగ్గరికి వస్తానన్నాడు. వాడుండేది హాస్టల్లో, మమ్మల్ని ఎక్కడ పెట్టుకుంటాడు పాపం. వనస్థలిపురంలో మా పిన్ని వాళ్ళున్నారు గానీ, చుట్టాలింట్లో దిగితే పొద్దున ఇడ్లీతో మొదలై "ఒక్క ముద్ద అన్నం తిని వెళ్ళండిరా" దాకా వచ్చి పన్నెండింటికి గానీ గడప దాటనివ్వరు. అందుకని ఫోన్లో చూసి ఎల్బీ నగర్ దగ్గర ఒక లాడ్జి బుక్ చేశాను. ఏసీ ఫ్యామిలీ రూమ్, ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, టిఫిన్‌తో కలిపి రూ. 2,240. ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, మంచం మీద హంసలా మడిచిపెట్టిన టవల్.

సూర్యాపేట మీదుగా వచ్చే బస్సు ఎల్బీ నగర్‌లో దింపేసరికి రాత్రి 9:20. లాడ్జికి చేరేసరికి 9:40. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "బాబు పెద్దోడు కదా సార్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పిల్లలంటే ఎనిమిదేళ్ళ లోపేనట, ఆ పైన పెద్దల లెక్కేనట, కాబట్టి ఇంకో పరుపుకి రూ. 600 కట్టాలట. బుకింగ్‌లో పిల్లల వయసు పది, ఆరు అని కొట్టాను కదయ్యా అంటే "అది ఆన్‌లైన్ సార్, ఇది కౌంటర్" అన్నాడు. ఈ మాటకి ఏం జవాబు చెప్పాలో ఇప్పటికీ తెలియదు. పిల్లలు నిద్రకి తూలుతున్నారు, అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది, కట్టేశాను. రసీదు అడిగితే ప్రింటర్ పని చేయట్లేదన్నాడు. మావాడు మాత్రం నిద్రలో కూడా మీసం మొలిచినట్టు నవ్వాడు. వాణ్ణి పెద్దవాళ్ళ లెక్కలో వేసిన మొదటి మనిషి ఆ కుర్రాడే మరి.

అక్కడితో అయిపోలేదు. ఏసీ రిమోట్‌కి రూ. 500 డిపాజిట్! గదికి కాదు, తాళానికి కాదు, రిమోట్‌కి. నేను చాలా ఊళ్ళు తిరిగాను, తిరుపతిలో దుప్పటికి డిపాజిట్ కట్టాను, అది న్యాయం, ఇదెక్కడా చూడలేదు. ఆరువందల పరుపు వచ్చింది. రెండు వేళ్ళ మందం, నడిమధ్యలో ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలిన మచ్చ. పక్కనే ఫంక్షన్ హాలు, ఒంటిగంట దాకా డీజే. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకేనని తలుపు వెనక కాగితం అంటించి ఉంది, ఆరున్నరకి తిప్పితే గుర్రుమని గాలి వచ్చింది. అమ్మ ఒక్కటే మాట అంది, "ఒరేయ్, బస్టాండులో పడుకున్నా ఇంతకంటే బాగుండేది, కనీసం ఊరికే." మా ఆవిడ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టం.

గది పదింటికల్లా ఖాళీ చేయమన్నారు, సామాను అక్కడే పెడితే బ్యాగుకి రూ. 50. మూడు బ్యాగులు. రిమోట్ డబ్బులు ఇవ్వమంటే "ఓనర్ సాయంత్రం వస్తారు" అన్నాడు.

సరే, ఇక పార్కు. రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. 2016లో తెరిచారు. కొచ్చి, బెంగళూరు తర్వాత వండర్‌లా వాళ్ళ మూడో పార్కు ఇది. ఎల్బీ నగర్ నుంచి క్యాబ్‌కి రూ. 610 అయింది. దారంతా మా అమ్మ ఆ డ్రైవర్‌తో కబుర్లు, అతనిది నకిరేకల్ అని, ఇద్దరు ఆడపిల్లలని, అన్నీ అయిదు నిమిషాల్లో తెలుసుకుని నంబరు కూడా తన బటన్ల ఫోన్లో ఎక్కించుకుంది. నేను మనసులో విసుక్కున్నాను, ఎందుకీవిడకి అని.

టికెట్ విషయంలో వయసుతో పని లేదు, ఎత్తుతోనే. 85 సెం.మీ. లోపు ఉంటే ఉచితం, అక్కణ్ణుంచి 140 వరకు పిల్లల టికెట్, ఆ పైన ఎవరైనా పెద్ద టికెట్టే. పెద్ద వయసు వాళ్ళకి తగ్గింపు ఉంది, అమ్మ ఆధార్ పట్టుకెళ్ళాం. మామూలు రోజుకీ శని, ఆదివారాలకీ ధర తేడా ఉంటుంది, మేం వెళ్ళింది మంగళవారం. గేటు దగ్గర ఎత్తు చూస్తుంటే మావాడు మునివేళ్ళ మీద లేస్తున్నాడు, నేను "మడమలు దించరా, టికెట్ పెరుగుద్ది" అని భుజం నొక్కుతున్నాను. వాడి బాధ అప్పుడు నాకు తట్టలేదు.

వాడు రెండేళ్ళుగా కలవరిస్తున్నది రీకాయిల్ గురించి. ముందుకి తీసుకెళ్ళి, తలకిందులుగా తిప్పి, అక్కడితో వదలకుండా మళ్ళీ అదే దారిలో వెనక్కి లాక్కొచ్చే రోలర్ కోస్టర్. వాడికి దాని వీడియోలు కంఠతా. లోపలికి వెళ్ళగానే పరుగెత్తి వరుసలో నిలబడ్డాడు. మొదట్లోనే ఎత్తు కొలిచే పట్టీ ఉంది. అక్కడున్న అమ్మాయి నవ్వుతూనే వీణ్ణి పట్టీకి ఆనించి, పైకి దువ్విన జుట్టుని అరచేత్తో అణిచి చూసింది. 138. ఉండాల్సింది 140.

"రెండు సెంటీమీటర్లే కదక్కా."

"వచ్చే ఏడాది రా నాన్నా, నేనే ఎక్కిస్తా."

వాడు నా వైపు తిరిగి, గొంతు పూడుకుపోతుంటే, "రాత్రి నన్ను పెద్దోణ్ణని ఆరువందలు తీసుకున్నారుగా, ఆ రసీదు చూపించు నాన్నా" అన్నాడు. వరుసలో వెనకున్న వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ కౌంటర్ కుర్రాడు అక్కడుంటే రీకాయిల్‌కి కట్టి పంపాలనిపించింది.

ఆ అమ్మాయిది తప్పని నేను అనను. భుజాల మీదుగా దిగే ఆ బిగింపు అంత ఎత్తు మనిషిని లెక్క పెట్టుకుని చేసింది, చిన్న ఒళ్ళు అందులో వదులైతే ఏమవుతుందో నేను ఊహించదలుచుకోలేదు. పక్కనే ఒకాయన "మా వాడు 139, అడ్జస్ట్ చేయండి మేడమ్" అని పది నిమిషాలు బతిమాలాడు. ఆవిడ చేయలేదు, చేయకపోవడమే మంచిది. నా తప్పేంటంటే ఇంట్లో టేపు పెట్టి కొలిచి, నువ్వెక్కేవి ఇవీ, ఎక్కలేనివి ఇవీ అని ముందే చెప్పి తీసుకెళ్ళకపోవడం. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలుంటే ఇది మాత్రం తప్పక చేయండి. పెద్ద థ్రిల్ రైడ్లకి గీత 140 దగ్గరే. ఆ లోపు ఎత్తున్న వాళ్ళకీ బోలెడు రైడ్లున్నాయి, మా పాపకైతే అరక్షణం కూడా ఖాళీ లేదు, కానీ మనసు పెట్టుకున్నది దక్కకపోతే మిగతావన్నీ చప్పగానే ఉంటాయి కదా.

వాణ్ణి వాళ్ళమ్మకి అప్పగించి నేనూ బావమరిదీ ఎక్కాం. కళ్ళజోడుకి వెనక తాడు కట్టుకుని వెళ్ళాను, ఖమ్మంలో రూ. 40, అయినా తీసి పక్కన పెట్టమన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు ఎటు పోతున్నామో కనపడదు, అదే దానిలో అసలు మజా. దిగాక బావమరిది కాసేపు మాట్లాడలేదు. "బావా, పొద్దున ఆ మైసూర్ బజ్జీ తినకుండా ఉండాల్సింది" అని చెట్టు కింద కూర్చున్నాడు. కాబట్టి ఇంకో సలహా, గుండ్రంగా తిరిగేవీ ఊగేవీ అన్నీ భోజనానికి ముందే ఎక్కేయండి. గేటు తెరిచిన మొదటి గంటన్నరలో వరుసలు పొట్టిగా ఉంటాయి, నీళ్ళ రైడ్లు ఎలాగూ కాస్త ఆలస్యంగా మొదలవుతాయి, కాకపోతే అవి పార్కు మూసేకంటే ముందే ఆగిపోతాయి, మూడు తర్వాత చూద్దాంలే అనుకుంటే దెబ్బతింటారు. వరుస దాటించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ మామూలు రోజుల్లో డబ్బు దండగ.

ఇక బట్టలు. నూలు బట్టలతో కొలనుల్లోకి రానివ్వరు. చీర, చుడీదార్, జీన్స్ ఏవీ కుదరవు, నైలాన్‌వి కావాలి. నూలు పోగులు ఊడి ఫిల్టర్లలో చుట్టుకుంటాయి, రంగు దిగుతుంది. ఇది మా ఆవిడ ముందే కనుక్కుని ఖమ్మంలోనే అందరికీ కొంది, నా నిక్కరు రూ. 280, పిల్లలవి రూ. 350 చొప్పున, తనకి రూ. 520, అదనంగా ఒక జత. ఆ అదనపు జత ఎవరికని అడిగితే "ఉండనీండి" అంది.

అమ్మ అసలు నీళ్ళలోకి రానని ఖరాఖండిగా చెప్పింది. బెంచీ మీద కూర్చుని బ్యాగులు చూసుకుంటానంది. మా ఆవిడ ఆ జత తీసి "అత్తయ్యా, ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరు లేరు" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. పావుగంట తర్వాత మోకాళ్ళ కిందికి వచ్చే నల్ల ప్యాంటు, పొడుగు చేతుల నీలం చొక్కా వేసుకుని, మెళ్ళో నల్లపూసలు కనపడకుండా లోపలికి దోపుకుని మా అమ్మ బయటికొచ్చింది. "మీ నాన్న చూస్తే ఇంట్లోకి రానివ్వడు" అంటూనే చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ అలల కొలనులోకి దిగింది. మోకాళ్ళ లోతున ఆగింది. హారన్ మోగి అల వచ్చేసరికి "ఓరి నాయనో" అని నా చేయి పట్టుకుంది. మూడో అలకి చేయి వదిలేసింది. ఆ తర్వాత గంటన్నర సేపు ఆవిడని బయటికి తీయడం మా వల్ల కాలేదు. పాలేరు ఏట్లో చిన్నప్పుడు ఈత కొట్టేదాన్నని, పెళ్ళయ్యాక నీళ్ళలో దిగడం ఇదే అని చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆవిడ కొడుకుని, నాకు ఈత సంగతి తెలియదు. మావాడు రీకాయిల్ దుఃఖం మర్చిపోయి నానమ్మ వెనకాలే తిరిగాడు. టికెట్లకి ఏడువేల చిల్లర అయ్యాయి, ఆ గంటన్నరకే అవన్నీ చెల్లిపోయాయని నా లెక్క.

మధ్యాహ్నం పూట కొలనుల మధ్య నేల పెనంలా కాలుతుంది, పిల్లలు ఎగురుకుంటూ నడుస్తారు. నీడ పట్టున నడిపించండి. బయటి తిండి తేనివ్వరు, అమ్మ సకినాల డబ్బా గేటు దగ్గరే ఆగిపోయింది. లోపల భోజనం, టీలు అన్నీ కలిపి ఆరుగురికి రూ. 1,860 అయ్యాయి. పప్పన్నం పప్పన్నంలాగే ఉంది, చెప్పుకోవడానికేం లేదు. ఒంటిగంటకి వెళ్ళకండి, పన్నెండున్నరకైనా వెళ్ళండి, రెండున్నరకైనా వెళ్ళండి. తడి బట్టలకి రెండు పెద్ద ప్లాస్టిక్ కవర్లు, మనిషికో టవల్, ఫోన్‌కి మెళ్ళో వేసుకునే కవరు (రూ. 99). బంగారం ఇంట్లో పెట్టి రండి, లాకర్ అద్దెకి దొరుకుతుంది గానీ గంటకోసారి చూసుకునే టెన్షన్ ఎందుకు.

సాయంత్రం బయటికొచ్చాక అసలు కథ. ఫోన్లో క్యాబ్ వెతికితే తిరుగుతూనే ఉంది. గేటు బయట ఆటోవాళ్ళు ఎల్బీ నగర్‌కి పన్నెండొందలు అన్నారు, ఇంకొకాయన "అయిదుగురా, పదిహేను వందలు" అన్నాడు. బావమరిది బైకు మీద వచ్చాడు, వాడి వల్ల ఉపయోగం లేదు. పాప నా భుజం మీద నిద్రపోయింది. అమ్మ నెమ్మదిగా బటన్ల ఫోన్ తీసి "నకిరేకల్ అబ్బాయికి చెయ్యమంటావా" అంది. అతను ఆదిబట్లలో ఉన్నాడు, పావుగంటలో వచ్చాడు, రూ. 700. పొద్దున దింపినవాడినే సాయంత్రానికి మాట్లాడి పెట్టుకోండి, లేదా మా అమ్మని వెంట తీసుకెళ్ళండి.

లాడ్జిలో ఓనర్ ఉన్నాడు. రిమోట్ డబ్బులు అయిదొందల్లో రూ. 350 ఇచ్చాడు. మిగతా నూటయాభై టవల్‌కి పసుపు మరకట. టవల్ చూపించమన్నాను. ఉతకడానికి వెళ్ళిందన్నాడు. హంసలా మడిచిన టవల్ మాకు గదిలో కనపడనే లేదు, ఇక పసుపెక్కడ అంటించేది! గొంతు పెంచబోతే మా ఆవిడ చెయ్యి పట్టి లాగింది, తొమ్మిదింటి బస్సు ఉంది. బుకింగ్ యాప్‌కి ఫిర్యాదు రాస్తే మూడు రోజులకి జవాబు వచ్చింది, మా అసౌకర్యానికి చింతిస్తూ వంద రూపాయల కూపన్ ఇచ్చారు. మళ్ళీ అదే లాడ్జిలో దిగితేనే చెల్లుతుంది. కాబట్టి బుక్ చేశాక లాడ్జికి నేరుగా ఫోన్ చేసి పిల్లల వయసు ఎంతవరకు, డిపాజిట్ దేనికి, వేడినీళ్ళు ఎప్పుడు, పక్కన ఫంక్షన్ హాలు ఉందా అని అడగండి, ఆ మాటలు మెసేజ్‌లో రాయించుకోండి. నేనైతే వచ్చేసారి పిన్ని వాళ్ళింట్లోనే దిగుతాను, పూరీలు తిని పన్నెండింటికే వెళ్తాను.

మావాడు వచ్చిన మర్నాడే వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడి, చెల్లెలితో పెన్సిల్ గీత పెట్టించుకున్నాడు. అమ్మ రోజూ రాత్రి గ్లాసుడు పాలు తాగిస్తోంది. వారంలో నాలుగు గీతలు పడ్డాయి, నాలుగూ ఒకదాని మీదే ఒకటి.